చెవిలో ఏమీ లేదని చెప్పే ముందు దవడను ఒకసారి తాకి చూడండి

చెవి, ముక్కు, గొంతు వైద్యులకూ, దంతవైద్యులకూ, రోగిని ఈ ఇద్దరిలో ఎవరి దగ్గరికి పంపాలో మొదట తేల్చే కుటుంబ వైద్యులకూ బహిరంగ లేఖ

మాన్యులారా,

"మీ చెవి బాగానే ఉంది" అన్న మాట 14 నెలల్లో నలుగురు వైద్యుల నోట విన్నాను. ఆ మాటలో అబద్ధం లేదు. నా కర్ణభేరి ముత్యంలా మెరుస్తోందని ఒకరు మెచ్చుకున్నారు కూడా. నా ఫిర్యాదు ఆ మాట మీద కాదు. ఆ మాటతో పరీక్ష ముగిసిపోవడం మీద. చెవి బాగుంటే ఈ బాధ ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్న అప్పుడే కదా మొదలవ్వాలి? ఆ ప్రశ్నకు దొరికే జవాబుల్లో ఒకటి చెవికి ఆనుకునే ఉన్నా, దాని మీద ఎవరి వేలూ పడకపోవడం గురించే ఈ లేఖ.

నా బాధ ఇలా ఉండేది. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు చెవులు దిబ్బళ్ళు పడి, ఒక గుటక వేయగానే టప్పున తెరుచుకుంటాయి గదా. నా కుడి చెవి ఆ దిబ్బడలోనే ఆగిపోయింది, ఎన్ని గుటకలు వేసినా తెరుచుకునేది కాదు. దానికి తోడు లోపలెక్కడో మొండి నొప్పి, రాత్రి దీపం ఆర్పాక సన్నని హోరు. పొద్దున లేవగానే ఎక్కువగా ఉండి, మధ్యాహ్నానికి కాస్త తగ్గి, పని ఒత్తిడి పెరిగిన రోజున సాయంత్రానికి మళ్ళీ మొదటికి వచ్చేది. ఈ వేళల లెక్క వైద్యులకు చెప్పాలని నాకు తట్టలేదు, వారు అడగనూ లేదు. అడిగి ఉంటే సగం దారి అక్కడే దొరికేదని ఇప్పుడు అనిపిస్తుంది.

చెవి చుక్కలు వేసుకున్నాను. ముక్కులో కొట్టుకునే స్ప్రే నెలల తరబడి వాడాను. రెండు విడతలు యాంటీబయాటిక్ మింగాను. ఉన్న కాస్త గులిమినీ రెండుసార్లు తీయించుకున్నాను. ఆడియోగ్రామ్‌లో వినికిడి సవ్యంగా ఉంది. టింపానోగ్రామ్‌లో మధ్యచెవిలో గాలి ఒత్తిడి మామూలుగానే ఉందని గీత చూపించింది. చివరికి ఒకరు, చాలా మర్యాదగానే, ఆందోళన తగ్గించుకోమని సలహా ఇచ్చారు. పరీక్షలన్నీ సవ్యంగా వచ్చిన మనిషికి సంతోషం కలగాలి. నాకు మాత్రం, ఏ రుజువూ లేని నా నొప్పిని నేనే కల్పించుకుంటున్నానేమోనన్న అనుమానం పట్టుకుంది.

దారి దొరికింది చెవి కోసం వెళ్ళిన చోట కాదు. అంచు విరిగిన పంటిని చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు, ఆ దంతవైద్యురాలు నా కింది పళ్ళ అరుగుదలను అద్దంతో కాసేపు చూసి, "మీకు చెవి నొప్పి ఉంటుందా?" అని అడిగారు. ఉంటుందన్నాను. రెండు చిటికెన వేళ్ళనూ చెవి రంధ్రాల్లో ఉంచి, కొసలతో ముఖం వైపుకు మెల్లగా నొక్కుతూ, నోరు తెరిచి మూయమన్నారు. నోరు మూసిన ప్రతిసారీ ఒక గుండ్రని గట్టి వస్తువు వెనక్కి జరిగి వేలికి తగిలింది. ఎడమ వైపు అది నున్నగా కదిలింది. కుడి వైపు మధ్యలో ఒకచోట తట్టుకుని, టక్కుమని జారింది. ఆ క్షణంలో పుట్టిన నొప్పి నేను 14 నెలలుగా మోస్తున్న నొప్పే. నా దవడ ఎముక తల నా చెవి గోడకు అంత దగ్గరలో ఉంటుందని నాకు తెలియకపోవడంలో వింత లేదు. మీ అందరికీ తెలుసు.

తెలుసు కాబట్టి శరీర నిర్మాణం మీకు కొత్తగా చెప్పబోను. ఈ లేఖ చదివే తోటి రోగుల కోసం క్లుప్తంగా రాస్తాను. కింది దవడ కొస చెవి రంధ్రానికి సరిగ్గా ముందు, కణత ఎముకలోని ఒక గుంటలో కూర్చుంటుంది. ఆ కీలుకూ చెవి నాళానికీ నడుమ ఉన్నది పలుచని ఎముక పలక. దవడ ఎముక తలకు దిగువన సన్నగా ఉండే మెడ భాగం వెనుకగా సాగే ఆరిక్యులోటెంపోరల్ నాడి ఆ కీలుకూ, చెవి నాళం ముందు గోడకూ, కర్ణభేరి బయటి తలంలో కొంత భాగానికీ స్పర్శను అందిస్తుంది. ఒకే నాడి రెండు ఇళ్ళ వార్తలను మోస్తున్నప్పుడు, నొప్పి ఏ ఇంట్లో పుట్టిందో మెదడు పొరబడడంలో ఆశ్చర్యం లేదు. అంతేకాక, కర్ణభేరిని బిగించే టెన్సర్ టింపానీ కండరాన్నీ, గుటక వేసినప్పుడు, ఆవులించినప్పుడు, మధ్యచెవిని గొంతుతో కలిపే యూస్టేషియన్ నాళాన్ని తెరిచే అంగిలి కండరాన్నీ నడిపేది కూడా నమిలే కండరాలను నడిపే నాడే, అంటే ట్రైజెమినల్ నాడిలోని కింది దవడ శాఖే. నమిలే కండరాలు బిగిస్తే ఈ చిన్న కండరాలూ బిగిసి చెవి దిబ్బడను కలిగిస్తాయన్నది కొందరి ఊహ. అది ఇంకా ఊహ దశ దాటలేదన్నది కూడా నిజం.

ఈ చుట్టరికం పుట్టుకతో వచ్చినది. పిండదశలో కింది దవడకు ఆధారంగా ఏర్పడే మృదులాస్థి కడ్డీ వెనుక కొస నుంచే మధ్యచెవిలోని సుత్తి, దాగలి ఎముకలు రూపుదిద్దుకుంటాయి. సరీసృపాలలో దవడ కీలుగా పనిచేసే ఎముకలే క్షీరదాల చెవిలో ధ్వనిని మోసే ఎముకలుగా మారాయని జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ రైకర్ట్ 1837లోనే గుర్తించాడు. దవడ కీలులోని మెత్తకూ చెవిలోని సుత్తి ఎముకకూ మధ్య సన్నని బంధనం ఒకటి ఉంటుందని 1962లో పింటో అనే పరిశోధకుడు వర్ణించాడు. అది పెద్దవారిలో నిజంగా సుత్తిని లాగగలదా అన్నది ఇప్పటికీ వాదంలోనే ఉంది. ఎముకలు వేరుపడినా బంధుత్వం తెగలేదని చెప్పడానికి మాత్రం ఈ చరిత్ర చాలు.

ఇక్కడ నా వాదనకు నేనే ఒక హద్దు గీసుకోవాలి. ఈ సంబంధాన్ని ఉత్సాహంగా పట్టుకుని దారితప్పిన చరిత్ర వైద్యానికి ఇదివరకే ఉంది. అమెరికాకు చెందిన చెవి, ముక్కు, గొంతు వైద్యుడు జేమ్స్ కాస్టెన్ 1934లో 11 మంది రోగుల వివరాలతో ఒక పత్రం ప్రచురించి, చెవి దిబ్బడ, నొప్పి, హోరు, తల తిరగడం వంటి లక్షణాలకు మూలం దవడ కీలులో ఉందని ప్రతిపాదించాడు. గమనించిన విషయంలో ఆయనది నిశితమైన చూపు; ఇచ్చిన వివరణ మాత్రం నిలవలేదు. వెనుక పళ్ళు ఊడి దవడ అతిగా మూసుకోవడంతో ఎముక తల వెనక్కి జరిగి నాడులను, యూస్టేషియన్ నాళాన్ని నొక్కుతుందని ఆయన భావించాడు. ఆ నొక్కుడు అలా జరిగే వీలు లేదని తర్వాతి శరీర నిర్మాణ పరిశీలనలు చూపించాయి. కానీ ఆ వివరణను నమ్మి పళ్ళ ఎత్తు పెంచడం, పళ్ళు అరగదీసి కాటు (పై, కింది పళ్ళు కలిసే తీరు) సరిచేయడం వంటి చికిత్సలు దశాబ్దాల పాటు సాగాయి. వివరణ కూలిపోగానే కొందరు వైద్యులు గమనికను కూడా దానితోపాటే పారేశారని నా అనుమానం. చెవి గదిలో దవడ మాట వినబడకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

ఇవాళ గట్టిగా చెప్పగలిగినది ఇది. దవడ కీలు, నమిలే కండరాల రుగ్మతలున్న వారిలో చెవి నొప్పి, దిబ్బడ, హోరు తరచుగా కనిపిస్తాయి. నొప్పి విషయంలో దారి చాలావరకు స్పష్టం: చెంప కండరం లోపలి పొరను నొక్కితే చెవి లోతున నొప్పి పుట్టడం ఎవరైనా పరీక్షించి చూడదగినదే. హోరు విషయానికొస్తే, పళ్ళు బిగించినప్పుడో దవడను ముందుకు చాచినప్పుడో స్థాయి మారే హోరు కొందరిలో ఉంటుంది. ముఖం నుంచి వచ్చే ట్రైజెమినల్ సంకేతాలు మెదడు కాండంలోని శ్రవణ కేంద్రాన్ని చేరతాయని పరిశోధన చూపింది. దిబ్బడ విషయంలో అంత స్పష్టత లేదు. అందుకే నేను కోరుతున్నది దవడే కారణమని తేల్చేయమని కాదు. కారణాల పట్టికలో దానికి ఒక వరుస ఇవ్వమని.

చెవి వైద్యులకు నా మొదటి విన్నపం. చెవి సవ్యంగా కనబడి బాధ మాత్రం నిజమని రోగి చెబుతున్నప్పుడు, అతన్ని లేపే ముందు రెండు నిమిషాలు దవడకు కేటాయించండి. చెవి రంధ్రానికి ముందు వేళ్ళు పెట్టి నోరు తెరిచి మూయించండి. చెంప కండరాన్నీ కణతనూ నొక్కండి. నోరు ఎంత తెరుచుకుంటుందో చూడండి; పై, కింది ముందుపళ్ళ అంచుల మధ్య దూరం పెద్దవారిలో 40 మిల్లీమీటర్లకు తగ్గితే అది గమనించదగ్గ సంగతి. తెరుస్తున్నప్పుడు గడ్డం ఒక పక్కకు లాగుతోందా అన్నది కంటికే కనిపిస్తుంది. 2014లో వెలువడిన అంతర్జాతీయ నిర్ధారణ ప్రమాణాలు నొప్పి ఉండే చోట్లను పేర్కొంటూ దవడ, కణతలతో పాటు చెవి లోపలినీ, చెవి ముందు భాగాన్నీ కూడా చేర్చాయి. కండరాన్ని సుమారు ఒక కిలో బరువుతో నొక్కమని చెప్పి, అన్నిటికంటే ముఖ్యంగా ఒక ప్రశ్న అడగమన్నాయి: ఇప్పుడు పుట్టిన నొప్పి మీకు అలవాటైన ఆ నొప్పేనా? నొక్కితే ఎవరికైనా ఎక్కడో ఒకచోట నొప్పి పుడుతుంది; టక్కుమనే చప్పుడు ఏ బాధా లేనివారిలోనూ వినిపిస్తుంది. రోగి తన నొప్పిని తాను గుర్తుపట్టడమే అసలు ఆధారం. ఆ ప్రశ్న నన్ను అడిగిన రోజున, ఎవరో నా మాట నమ్మారన్న ఊరట నొప్పి తగ్గడం కంటే ముందే కలిగింది.

వీటితో పాటు కొన్ని మాటలు అడగవచ్చు. బాధ నిద్ర లేవగానే ఎక్కువా, రోజు గడిచే కొద్దీ ఎక్కువా? నమిలినప్పుడు, ఆవులించినప్పుడు, ఎక్కువసేపు మాట్లాడినప్పుడు మారుతుందా? పళ్ళు నూరుతున్న చప్పుడు రాత్రి పక్కవారికి వినిపించిందా? పగలు పనిలో మునిగినప్పుడు పళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయా? ఈ చివరి ప్రశ్నకు రోగి వెంటనే లేదంటాడు; నేనూ అన్నాను. దాని సంగతి చివర్లో చెబుతాను.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది మరింత ముఖ్యం. దవడను తాకగానే నొప్పి పుట్టిందని మిగతా కారణాలను మరచిపోతే, ఇప్పటి నిర్లక్ష్యం కంటే పెద్ద కీడు జరుగుతుంది. చెవికి ట్రైజెమినల్ ఒక్కటే కాదు, ముఖ నాడి, గొంతు నుంచి వచ్చే నాడులు, మెడ పై భాగపు నాడులు కూడా స్పర్శను అందిస్తాయి. ఒక పక్క చెవి నొప్పి తగ్గకుండా ఉండి, మింగడం కష్టమవుతున్నా, గొంతు బొంగురుపోయినా, మెడలో గడ్డ తగిలినా, బరువు తగ్గుతున్నా, ముఖ్యంగా పొగాకు అలవాటున్న వారిలో, నాలుక మొదలు, టాన్సిల్, గొంతు లోతులు చూడనిదే దవడ మాట ఎత్తకూడదు. హఠాత్తుగా ఒక చెవి వినికిడి తగ్గితే అది రోజుల్లోనే చికిత్స మొదలవ్వాల్సిన అత్యవసరం. దాన్ని దిబ్బడగా భావించి వేచి ఉండడం వల్ల వినికిడి శాశ్వతంగా పోవచ్చు. 50 ఏళ్ళు దాటినవారిలో నమిలే కొద్దీ దవడ లాగేస్తూ, కొత్తగా కణత నొప్పి, చూపు మసకబారడం తోడైతే అది రక్తనాళాల వాపు కావచ్చు, చూపుకే ప్రమాదం. ముఖం ఒక పక్క వాలిపోవడం, చెవి చుట్టూ పొక్కులు, చెవిలోంచి చీము కారడం దవడ ఖాతాలో వేయకూడనివి. కాబట్టి నేను మిమ్మల్ని అడుగుతున్నది చెవిని, గొంతును చూసిన తర్వాత దవడనూ చూడమని. వాటికి బదులుగా కాదు.

ఇక దంతవైద్యులకు ఒక విన్నపం. మీలో ఒకరి చలవ వల్లే నేను ఈ లేఖ రాస్తున్నాను గనుక మాట కటువుగా ఉంటే మన్నించండి. నా దవడ సంగతి తెలిశాక రెండో అభిప్రాయం కోసం వెళ్ళిన ఒకచోట, కాటు సరిగా లేదంటూ నాలుగు ఆరోగ్యమైన పళ్ళు అరగదీసి తొడుగులు వేయాలన్నారు. అరగదీసిన పన్ను తిరిగి రాదు. 2023 చివర్లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన మార్గదర్శకాలు, దీర్ఘకాలిక దవడ కీలు నొప్పికి గట్టిగా సిఫారసు చేసినవి చాలా సాదాసీదా పనులు: వివరించి భరోసా ఇవ్వడం, ఇంటి వద్ద వ్యాయామాలు, శిక్షణ పొందినవారి పర్యవేక్షణలో దవడ వ్యాయామాలు, కండరాల్లోని నొప్పి బిందువుల మీద చేతితో చేసే చికిత్స, నిలుచునే, కూర్చునే తీరును సరిదిద్దే వ్యాయామాలు, ఆలోచనా ధోరణిని సరిచేసే మానసిక చికిత్స. పళ్ళ మీద తొడిగి, తీసి పెట్టుకునే పలకల (స్ప్లింట్ల) విషయంలో ఆ మార్గదర్శకాలు అంత ఉత్సాహం చూపలేదు. కాటును శాశ్వతంగా మార్చే పలకలను మాత్రం గట్టిగానే వద్దన్నాయి. ఫలానా రోగికి పలక పనికిరాదని నేను అనను, నిర్ణయం మీది. తిరిగి సరిచేయలేని పనిని మొదటి మెట్టుగా మాత్రం చేయకండి.

ఈ రెండు గదుల మధ్య ఉన్న గోడ రోగి కట్టినది కాదు. నోరు ఒక విద్యకు, చెవి ఇంకో విద్యకు చెందినట్టు చదువులు విడిపోయాయి; దవడ కీలు సరిగ్గా ఆ సరిహద్దు మీద పడింది. అమెరికా జాతీయ అకాడమీలు 2020లో వెలువరించిన నివేదిక కూడా ఈ రుగ్మతలున్నవారు వైద్యానికీ దంతవైద్యానికీ మధ్య పడి నలిగిపోతున్నారనే చెప్పింది. అందుకే మూడో విన్నపం మీ ఇరువురికీ కలిపి: రోగిని ఒకరి దగ్గర్నుంచి ఒకరికి పంపేటప్పుడు చేతిలో ఒక చీటీ పెట్టండి. చెవిలో ఏం చూశారో, ఏది లేదని తేల్చారో, దవడ మీద ఎక్కడ నొక్కితే రోగి తన నొప్పిని గుర్తుపట్టాడో నాలుగు వాక్యాలు చాలు. ఆ చీటీ లేకపోతే రోగే తన కథను ప్రతి గదిలోనూ మొదటి నుంచి చెప్పుకోవాలి; చెప్పిన ప్రతిసారీ అది కొంచెం అతిశయోక్తిలాగా, కొంచెం ఫిర్యాదులాగా మారుతుంది. నాలుగో వైద్యుడి దగ్గరకు వెళ్ళేసరికి నా గొంతులో విసుగు నాకే వినిపించింది.

నా సంగతి చెప్పి ముగిస్తాను. చికిత్స చాలా మామూలుగా సాగింది: వేడి కాపడం, కొన్ని వారాల పాటు మెత్తని ఆహారం, అద్దం ముందు నిలబడి గడ్డం పక్కకు లాగకుండా నెమ్మదిగా నోరు తెరవడం, చెంప కండరాన్ని వేళ్ళతో మర్దించుకోవడం. పెదవులు కలిసి, పళ్ళు విడిగా, నాలుక కొస అంగిలిని తాకుతూ ఉండడమే దవడకు విశ్రాంతి భంగిమ అని నేర్పారు. పగలు పళ్ళు ఆనవని నేను పట్టుబడితే, కంప్యూటర్ తెర మూలన ఒక ఎర్ర చుక్క అంటించి, దాని మీద చూపు పడినప్పుడల్లా పళ్ళు ఎక్కడున్నాయో గమనించమన్నారు. మొదటి రోజు లెక్కపెట్టిన 22 సార్లలో 19 సార్లు పళ్ళు బిగిసే ఉన్నాయి. మూడు నెలలకు దిబ్బడ చాలావరకు విడిపోయింది, నొప్పి అప్పుడప్పుడు మాత్రమే పలకరిస్తోంది, హోరు మాత్రం అలాగే ఉంది. ఇదంతా దవడ చికిత్స వల్లేనా, కాలమే కొంత నయం చేసిందా అన్నది ఒక్క మనిషి అనుభవంతో తేలే విషయం కాదు. రుజువుగా దీన్ని మీ ముందు పెట్టడం లేదు.

ఈ లేఖ రాయడానికి కూర్చునే ముందు నా వైద్య కాగితాలన్నీ వరుసగా పరుచుకున్నాను. "కుడి చెవి: సాధారణం" అని నాలుగు చోట్ల ఉంది. "దవడ" అన్న పదం మొదటిసారి కనిపించేది ఐదో కాగితంలో, "కుడివైపు కింది పన్ను, అంచు విరిగినది" అన్న వాక్యానికి దిగువన.

ఇట్లు,
భవదీయ,
మీ వద్దకు వచ్చిపోయిన ఒక రోగి